నికాన్ ఎకులాన్ 8×42 బైనాక్యులర్: బెంగళూరు చుట్టుపక్కల అడవుల్లో పిట్టలు చూడ్డానికి ఎంతవరకు పనికొస్తుంది?

పిట్టల్ని చూడ్డం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బైనాక్యులర్ కొనేటప్పుడు అడిగేది ఒక్కటే: "ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుంది?" ఆ ఒక్క ప్రశ్నతో దుకాణానికి వెళ్తే చేతికి వచ్చేది చాలాసార్లు పనికిరాని సరుకే. లాల్‌బాగ్ చెట్లకింద గానీ, తురహళ్లి అడవిలో గానీ, బన్నేరుఘట్ట అంచుల్లో గానీ పిట్ట మనకి పది నుంచి నలభై మీటర్ల లోపే ఉంటుంది. దూరం అక్కడ పెద్ద ఇబ్బంది కాదు. ఆకుల మధ్య అది ఏ కొమ్మ మీదుందో పట్టుకోవడం ఒక కష్టం, పట్టుకున్నాక బొమ్మ వణక్కుండా చూడగలగడం ఇంకో కష్టం. ఈ రెండూ తేలికయ్యేది ఎక్కువ రెట్లతో కాదు, తక్కువ రెట్లతో. అందుకే పది రెట్లవీ ఇరవై రెట్లవీ పక్కన పెట్టి, ఎకులాన్ ఏ211 రకంలో 8×42 తీసుకోమని చెబుతున్నాం. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకీ, వానలో తిరిగేవాళ్లకీ మాత్రం ఇది కాదు. వాళ్లకేది నప్పుతుందో కూడా ఇక్కడే చెప్తాం.

ముందు అంకెల సంగతి. 8×42 లో 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందున్న పెద్ద అద్దం అడ్డుకొలత 42 మిల్లీమీటర్లని. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటికి అందే వెలుతురు కట్ట మందం అన్ని మిల్లీమీటర్లన్నమాట. మన కంటిపాప మంచి ఎండలో రెండు మూడు మిల్లీమీటర్లకి ముడుచుకుంటుంది, మసక వెలుతురులో ఐదు దాకా, వయసులో ఉన్నవాళ్లకి ఏడు దాకా కూడా విచ్చుకుంటుంది. పిట్టలు బాగా తిరిగేది పొద్దున్నే, అదీ చెట్ల నీడలో. అప్పుడు ఈ 5.25 అక్కరకొస్తుంది. జేబులో పట్టే 10×25 రకానికి ఇదే లెక్క వేస్తే 2.5 మాత్రమే. ఎండెక్కాక అది బాగానే ఉంటుంది, పొద్దున ఆరున్నరకి మర్రిచెట్టు లోపల మాత్రం పిట్ట నల్లటి ముద్దలా కనిపిస్తుంది.

చూడాల్సిన ఇంకో కొలత డబ్బా మీద ఫీల్డ్ ఆఫ్ వ్యూ అని ఉంటుంది, అంటే ఒక్క చూపులో పట్టే వెడల్పు. ఈ 8×42 కి అది 8.0 డిగ్రీలు: కిలోమీటరు దూరంలో 140 మీటర్లు, పాతిక మీటర్ల దూరంలో మూడున్నర మీటర్లు. ఇదే ఎకులాన్‌లో 10×50 కి 6.5 డిగ్రీలే, పాతిక మీటర్ల దగ్గర మూడు మీటర్లు కూడా రాదు. తేడా అర మీటరు పైచిలుకే కదా అనిపించవచ్చు గానీ, కొమ్మ నుంచి కొమ్మకి గెంతే తేనెపిట్టని వెతికేటప్పుడు దొరకడానికీ తప్పిపోవడానికీ మధ్య ఉన్న తేడా అదే. పైగా పది రెట్లలో చేతి వణుకు కూడా పది రెట్లు అవుతుంది. 10×50 బరువు సుమారు 900 గ్రాములు, 8×42 బరువు 755 గ్రాములు. రెండు గంటలు మెడకి వేలాడదీసుకుంటే ఆ 145 గ్రాములు తెలుస్తాయి.

ఇది పోరో ప్రిజం రకం. ప్రిజం అంటే తలకిందులుగా వచ్చే బొమ్మని లోపల నిటారుగా తిప్పే గాజు ముక్క. పోరో అంటే ముందు అద్దాలు కళ్లకంటే ఎడంగా, భుజాలు విప్పుకున్నట్టు ఉండే పాతకాలపు ఆకారం. ఈ ధరలో బొమ్మ స్పష్టత విషయంలో పోరోని నిటారు గొట్టాల రూఫ్ ప్రిజం రకాలు అందుకోలేవు. రూఫ్ రకంలో ప్రిజం తయారీ కష్టం, దాన్ని చవగ్గా చేస్తే బొమ్మలో పదును పోతుంది. పోరోలో ఆ బాధ లేదు. ముందు అద్దాలు ఎడంగా ఉండటం వల్ల దగ్గరి కొమ్మ, దాని వెనక కొమ్మ విడివిడిగా, లోతుగా కనిపిస్తాయి. చిట్టడవిలో ఇది పెద్ద సాయం.

ఇక దీనిలో లోపాలు. అన్నిటికంటే పెద్దది: ఇది వాటర్‌ప్రూఫ్ కాదు, లోపల తేమ చేరకుండా నైట్రోజన్ నింపి మూసింది కాదు. మధ్యనున్న చక్రం తిప్పితే కళ్ల దగ్గరి గొట్టాలు రెండూ బయటికీ లోపలికీ కదులుతాయి. బయటికి వచ్చినప్పుడల్లా కాస్త గాలిని లోపలికి లాక్కుంటాయి, ఆ గాలితోపాటు తేమ, దుమ్ము కూడా. బెంగళూరులో జూన్ నుంచి నవంబరు దాకా ఏదో ఒక వాన ఉంటూనే ఉంటుంది. ఆ నెలల్లో దీన్ని సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే లోపలి అద్దాల మీద సాలెగూడు లాంటి బూజు పడుతుంది. ఒకసారి బూజు అద్దం పూతని తిన్నదంటే తుడిచినా ఆ మచ్చ పోదు. చెన్నైలో చుట్టాలింట్లో వదిలి వస్తే సంగతి ఇంకా తొందరగా తేలుతుంది.

రెండో లోపం దగ్గరి చూపు. ఐదు మీటర్ల కంటే దగ్గరున్నది దీనిలో ఫోకస్ కాదు. పిట్టలకి ఇది అడ్డు కాదు. సీతాకోకచిలుకలకి మాత్రం పూర్తిగా అడ్డే. బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కులో మూడు అడుగుల దూరంలో వాలినదాన్ని చూడాలంటే అడుగులో అడుగు వేస్తూ వెనక్కి వెళ్లాలి, వెళ్లేలోపు అది లేస్తుంది. వాటికోసమే అయితే పెంటాక్స్ పాపీలియో 6.5×21 అని వేరే ఉంది, అర మీటరు దగ్గర వాలినది కూడా కనిపిస్తుంది. కానీ దానిలో వెలుతురు తక్కువ, చెట్లమీది పిట్టలకి అది సరిపోదు. రెండు పనులూ ఒక్కదానితో జరగవు.

మూడోది కళ్లజోడు. కంటికీ అద్దానికీ మధ్య ఎంత ఎడం ఉన్నా బొమ్మ పూర్తిగా కనిపిస్తుందో దాన్ని ఐ రిలీఫ్ అంటారు. ఇందులో అది 12 మిల్లీమీటర్లు. కళ్లజోడు అద్దమే కంటికి అంత దూరంలో ఉంటుంది కాబట్టి, జోడు పెట్టుకుని చూస్తే బొమ్మ అంచులు తెగిపోయి గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. కనీసం 15 ఉండాలి. మీకున్నది ఉత్త దగ్గరచూపో దూరచూపో అయితే జోడు తీసేసి చూడొచ్చు, ఫోకస్ చక్రం ఆ తేడాని సర్దేస్తుంది. కళ్లజోడు చీటీలో సిలిండర్ పవర్ ఎక్కువగా రాసి ఉంటే మాత్రం చక్రం దాన్ని సరిచేయలేదు, జోడు ఉండాల్సిందే. అలాంటివాళ్లు నికాన్‌లోనే ప్రోస్టాఫ్ పీ3 8×42 చూడండి. ఐ రిలీఫ్ 20.2 మిల్లీమీటర్లు, దగ్గరి ఫోకస్ మూడు మీటర్లు, నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ ఒళ్లు, బరువు 600 గ్రాముల లోపు. వెడల్పు 7.2 డిగ్రీలకి తగ్గుతుంది, ధర ఎకులాన్ కంటే బాగా పెరుగుతుంది. వానాకాలంలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె వైపు తిరిగేవాళ్లకి కూడా ఈ అదనపు ఖర్చు పెట్టమనే మా మాట.

చిన్నపిల్లలకి ఇంకో ఇబ్బంది ఉంది. ఈ బైనాక్యులర్‌ని ఎంత మడిచినా కళ్ల మధ్య దూరం 56 మిల్లీమీటర్ల కంటే తగ్గదు. ఏడెనిమిదేళ్లలోపు పిల్లల కళ్లు అంతకంటే దగ్గరగా ఉంటాయి. వాళ్లకి ఒక గుండ్రం బదులు రెండు గుండ్రాలు కనిపించి, "నాకేం కనిపించట్లేదు" అని తిరిగి ఇచ్చేస్తారు. పిల్ల మొరాయిస్తోందని విసుక్కోకండి, కొలత కుదరడం లేదంతే.

కొన్నవాళ్లలో చాలామంది దాన్ని సరిగ్గా అమర్చుకోకుండానే "బొమ్మ మసగ్గా ఉంది" అంటారు. అమరిక ఒక్కసారి చేస్తే చాలు. ముందుగా రెండు గొట్టాల్నీ మడుస్తూ, రెండు గుండ్రాలూ కలిసి ఒకటే గుండ్రంగా కనిపించేదాకా తేండి. కళ్లజోడు లేనివాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని తిప్పి పైకి లేపాలి, ఉన్నవాళ్లు పూర్తిగా కిందికి దించాలి. తర్వాత ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉన్న ఏదైనా అక్షరాల బోర్డు ఎంచుకోండి. కుడి వైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు పదునుగా తెచ్చుకోండి. కన్ను మూస్తే ముఖం బిగుసుకుని కొలత తప్పుతుంది, అందుకే అద్దాన్నే మూయాలి. ఇప్పుడు ఎడమ అద్దాన్ని మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న డయాప్టర్ రింగుని మాత్రమే తిప్పి అదే అక్షరాల్ని పదును చేయండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇకమీదట మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి. ఇంట్లో ఇంకొకరు వాడి ఇచ్చినప్పుడల్లా రింగు ఆ గీత మీదే ఉందో లేదో చూసుకోండి. ఈ రకంలో దానికి తాళం ఉండదు, సంచిలో రాసుకున్నా జరుగుతుంది.

పట్టుకునేటప్పుడు మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. చెట్టుకో రాయికో వీపు ఆనించగలిగితే ఇంకా మంచిది. చూపుడు వేలు చక్రం మీద ఉండాలి. కప్పుల్ని కళ్లకి గట్టిగా అదిమితే పోరో రకంలో కంటి గొట్టాలు రెంటినీ కలిపే వంతెన కాస్త ఊగి ఫోకస్ జరిగిపోతుంది, కాబట్టి కనుబొమలకి ఆనేంతవరకే. పిట్ట కనిపించగానే కళ్లు దించి బైనాక్యులర్ కోసం చూసుకోవడం అందరూ చేసే పొరపాటు. కళ్లు పిట్ట మీదే ఉంచి బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తేవాలి. అప్పటికీ దొరక్కపోతే పిట్ట పక్కన విరిగిన కొమ్మో, ఎండిన ఆకుల గుత్తో గుర్తుగా పెట్టుకుని, ముందు దాన్ని పట్టుకుని అక్కడినుంచి జరగండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.

చేయి కుదరడానికి లాల్‌బాగ్‌ని మించింది లేదు. గ్రీన్ లైన్ మెట్రో స్టేషను పక్కనే ఉంది, దారులు చదునుగా ఉంటాయి, పిట్టలు మనుషులకి అలవాటు పడ్డాయి. మొదట గద్దల్ని చూడండి. పెద్దవి, నెమ్మదిగా తిరుగుతాయి, వాటిని వెంబడిస్తే చక్రం మీద వేలు దానంతట అదే అలవాటవుతుంది. ఆ తర్వాత రావి, మర్రి చెట్ల దగ్గర "టుక్, టుక్, టుక్" అని ఆగకుండా ఒకే జోరులో వినిపించే కంసాలి పిట్టని వెతకండి. ఈ పిట్ట కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది, అందుకే చప్పుడు ఒకసారి ఈ పక్క నుంచి, ఇంకోసారి ఆ పక్క నుంచి వచ్చినట్టు ఉంటుంది. చెవిని నమ్మి వెతికితే దొరకదు. ఎండిన పైకొమ్మల చివర్లు వరసగా చూసుకుంటూ పోవాలి. దొరికాక ఎనిమిది రెట్లలో ముక్కు మీద దృష్టి పెట్టండి: కూస్తున్నంతసేపూ ముక్కు మూసే ఉంటుంది, గొంతు దగ్గర మాత్రం బుడగలా ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. నుదుటి మీద ఎరుపు, కంటి చుట్టూ పసుపు, పొట్ట మీద ఆకుపచ్చ గీతలు, అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఇరవై మీటర్ల దూరం నుంచి ఆ గొంతు కదలిక స్పష్టంగా కనిపించిందంటే మీ అమరిక సరిగ్గా కుదిరినట్టే. బైనాక్యులర్ పరీక్షకి అంతకంటే మంచి కొలత ఇంకొకటి లేదు.

తురహళ్లికి అదే గ్రీన్ లైన్‌లో తలఘట్టపుర వైపు వెళ్లి ఆటో ఎక్కొచ్చు. అక్కడ నీలగిరి చెట్లు, ముళ్లపొదలు, బండరాళ్లు. పొదల్లో పికిలిపిట్టలు, జెముడుకాకి. ఎర్రదుమ్ము బాగా లేస్తుంది, దాని గురించి మళ్లీ చెప్తాం. నంది కొండ మీద, రామనగర బండల మీద పసుపు గొంతు పికిలి ఉంటుంది. దక్షిణ భారతంలోని రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని పిట్ట అది. బూడిదరంగు రాయి ముందు బూడిదరంగు పిట్ట. 8.0 డిగ్రీల వెడల్పు ఎందుకు అడుగుతున్నామో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. దసరాకి పాలపిట్టని చూడాలనుకునే మనవాళ్లు హెసరఘట్ట గడ్డిమైదానం వైపు కరెంటు తీగలు చూసుకుంటూ వెళ్లండి. వలస పిట్టలు అక్టోబరు నుంచి మార్చి దాకానే, చలికాలంలో అదే మైదానం మీద హారియర్ గద్దలు నేలకి దగ్గరగా ఎగురుతూ కనిపిస్తాయి.

ఈ బైనాక్యులర్ చాలని చోటు ఒకటుంది, రామదేవర బెట్ట. రాబందుల కోసం 2012లో అభయారణ్యంగా ప్రకటించిన సుమారు 346 హెక్టార్ల రాతికొండలవి, మైసూరు రోడ్డులో రామనగర దగ్గర. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతా రాబందులు కూలిపోయాయి, 2006లో ఆ పశువుల మందుని నిషేధించారు. ఇక్కడ మిగిలినవి చాలా కొద్ది. అవి వాలేది నిట్టనిలువు కొండచరియ మీద, మనకి వందల మీటర్ల దూరంలో. ఎనిమిది రెట్లలో ఒక పెద్ద పక్షి ఉందని తెలుస్తుంది, మెడ మీది నూగు, ముక్కు ఆకారం తెలియవు. అలాగని పది రెట్లది కొన్నా పెద్ద లాభం లేదు. అలాంటిచోటికి కావాల్సింది స్టాండు మీద పెట్టే ఒంటి గొట్టపు స్పాటింగ్ స్కోపు, 20 రెట్ల పైన. దగ్గరగా చూద్దామని రాళ్లెక్కి గూళ్ల వైపు వెళ్లడం మాత్రం ఎవరూ చేయకూడదు. బెదిరి లేచిన తల్లి తిరిగి వచ్చేలోపు గుడ్డు ఎండకి పాడవుతుంది.

అడవిలో నియమాలు ఎక్కువ లేవు, కానీ ఉన్నవి గట్టివి. బన్నేరుఘట్టలో అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి దిగడం నేరం, పైగా అది ఏనుగులు తళి, కావేరి అడవుల వైపు నడిచే దారి. సఫారీ బండిలో కూర్చుని బైనాక్యులర్ కిటికీ బయటికి చాపకండి, లోపలినుంచే చూడండి. ఫోనులో కూత వినిపించి పిట్టని పిలవడం, ముఖ్యంగా గూడు కట్టే కాలంలో, దాన్ని హింసించడమే: వేరే మగది వచ్చిందనుకుని అది తిండి మానేసి పోరాటానికి వస్తుంది.

ఇప్పుడు దుమ్ము, తేమ. తురహళ్లి ఎర్రమట్టిలో ఇసుక రేణువులు ఉంటాయి. చొక్కా అంచుతో అద్దం తుడిస్తే ఆ రేణువులే పూతని గీసేస్తాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్షు, ఆ తర్వాతే లెన్స్ కాగితానికి రెండు చుక్కల లెన్స్ ద్రవం అద్ది మధ్యనుంచి అంచుకి గుండ్రంగా తుడవాలి. ద్రవాన్ని నేరుగా అద్దం మీద పోయకూడదు, అంచునుంచి లోపలికి దిగుతుంది. ఇంట్లో దాచేందుకు దానితో వచ్చిన సంచి వద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో వంద గ్రాముల సిలికా జెల్‌తో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమతో నిండిపోయినట్టు. వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగ మీద, కిటికీ తెరిచి, మళ్లీ నీలం వచ్చేదాకా వేడిచేసి, చల్లారాక డబ్బాలో వేయండి. కలరా ఉండలు, కర్పూరం ఆ డబ్బాలో వేయకూడదు, వాటి ఆవిరి అద్దాలకీ రబ్బరుకీ చేటు. వానలో తడిస్తే చక్రాన్ని అటూ ఇటూ తిప్పకండి, నీటిని లోపలికి పంపినట్టవుతుంది. పైన తుడిచి, ఫ్యాను గాలికి ఒక పూట వదిలి, తర్వాత సిలికా డబ్బాలో పెట్టండి.

కింద పడితే వచ్చే జబ్బు వేరు. రెండు గొట్టాల చూపూ ఒకదానితో ఒకటి కలవకుండా పోతుంది. కొద్దిపాటి తేడాని కళ్లు సర్దుకుంటాయి గానీ పది నిమిషాల్లో తలనొప్పి తెస్తాయి. దూరంగా ఉన్న మేడ పిట్టగోడనో తీగనో చూస్తూ బైనాక్యులర్‌ని కళ్లనుంచి నెమ్మదిగా నాలుగైదు అంగుళాలు వెనక్కి తేండి. గీత ఒకటిగా ఉండకుండా ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి విడిపోతే అద్దాల వరస తప్పినట్టే. ఇంట్లో స్క్రూలు విప్పకండి, సర్వీసుకి ఇవ్వండి. కొత్తది కొనేటప్పుడు కూడా దుకాణం గుమ్మంలో నిలబడి ఇదే పరీక్ష చేయాలి.

దుకాణంలో చేయాల్సినవి మరికొన్ని. 30×60, 60×60 అని రాసి ఉన్న చిన్న బైనాక్యులర్లు ఎదురైతే స్కేలుతో ముందు అద్దం కొలవండి. 60 అని రాసిందాని అద్దం 22 మిల్లీమీటర్లే ఉంటే, మొదటి అంకె కూడా అంతే అబద్ధం. ఎర్రగా మెరిసే అద్దాలు రాత్రి చూపు ఇస్తాయని చెప్తారు. ఆ పూత ఎర్ర వెలుతురుని వెనక్కి కొట్టేస్తుంది, బొమ్మ ఆకుపచ్చగా తేలిపోతుంది, కంసాలి పిట్ట నుదుటి ఎరుపు దానిలో చచ్చిపోతుంది. జూమ్ ఉన్నవి కూడా వద్దు, తక్కువ రెట్ల దగ్గర కూడా వాటి చూపు ఇరుకే. బైనాక్యులర్‌ని చాచిన చేతిలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పి కంటి అద్దాల్లో వెలుతురు చుక్క చూడండి. ఎకులాన్‌లో ఉన్నది బాక్4 అనే మేలు రకం గాజు ప్రిజం, చుక్క నిండు గుండ్రంగా రావాలి. నలుచదరంగా అంచులు కోసినట్టు ఉంటే లోపల నాసిరకం గాజు, మీ చేతిలో ఉన్నది నకిలీ కావచ్చు. ఫోను లైటు ముందు అద్దంలోకి వేసి చూడండి. లోపలినుంచి వచ్చే ప్రతిబింబాలు ఊదా, ఆకుపచ్చ రంగుల్లో ఉండాలి, తెల్లగా మెరిస్తే అక్కడ పూత లేనట్టు. వారంటీ కార్డు మీద నంబరు, ఒంటి మీద నంబరు ఒకటేనా అని చూసి, బిల్లు మీద కూడా ఆ నంబరే రాయించుకోండి.